తొమ్మిదో గుడ్డు

మా ఇంట్లో కోళ్ళున్నాయని కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదనడం కంటే ధైర్యం రాలేదనడం నిజం. ఢిల్లీలో, మెట్రో స్టేషనుకి నడిచి వెళ్ళగలిగే చోట, గవర్నమెంటు క్వార్టర్స్‌లో కోళ్ళేమిటని అడుగుతారు. అడిగితే మొదట్నించీ చెప్పాలి. అంత కథ నోటితో చెప్పడం నాకు చేతకాదు. రాయడమైతే కొంచెం వచ్చు.

మాది కింది వాటా. వంటింటికీ వెనక గోడకీ మధ్య, సిమెంటు చెయ్యగా మిగిలిపోయిన కాస్త మట్టినేల ఉంది. అందులో అమ్మ ఒక మునగచెట్టునీ ఒక కరివేపాకు మొక్కనీ పెంచింది. కరివేపాకు ప్రతి చలికాలం మోడైపోయి, హోలీ తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ చిగురిస్తుంది. మిగతా నేలంతా కోళ్ళది. అక్కడ గడ్డి మొలవదు, మొలిచినా బతకదు. గోడ వారగా అవి తవ్వుకున్న గుంటలుంటాయి. మధ్యాహ్నం వాటిలో పడుకుని, రెక్కలతో దుమ్ము ఒంటి మీదికి ఎగజల్లుకుంటూ, చచ్చిపోయాయేమోనని భయం వేసేలా ఒక కాలు చాపేసి కళ్ళు మూస్తాయి. చిన్నప్పుడు ఒకసారి నిజంగానే ఏడ్చాను. ఏడుపు విని కోడి లేచి, నన్ను ఎగాదిగా చూసి పక్క గుంటలోకి మారింది.

పొద్దున అమ్మ టీ పెట్టుకోకముందే గూడు తలుపు తీస్తుంది. చలికాలమైతే సజ్జలు వేస్తుంది, ఎండాకాలమైతే నానబెట్టిన నూకలు. మే నెలలో వడగాలి తోలుతున్నప్పుడు అన్నీ కిటికీ కూలర్ కిందికి చేరి, దాన్నుంచి కారే నీటి చుక్కల్లో నోళ్ళు తెరుచుకుని నిలబడతాయి. ఆ రోజుల్లో నేనూ కూలర్‌కి ఇవతల గదిలో పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. మధ్యలో కిటికీ ఇనుప జాలీ. అవి రొప్పుతుంటాయి, నేను పేజీలు తిప్పుతుంటాను. ఒకరినొకరం పలకరించుకోవాల్సిన పని లేని ఆ తోడు నాకు బాగుండేది. సాయంత్రం వాటిని గూట్లోకి తోలడం నా పని. పిల్లులూ ముంగిసలూ కోతులూ ఉన్న కాలనీ మాది. కోతులైతే కోళ్ళ జోలికి రావు గానీ గుడ్డు కనిపిస్తే వదలవు.

వాటిలో గోధుమరంగు పెట్టలు ఇక్కడి మార్కెట్లో కొన్నవి. గుడ్లు బాగా పెడతాయి. పెట్టి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా వెళ్ళిపోతాయి. పొదగడమంటే ఏమిటో వాటికి తెలియదు. "ఆఫీసు మనుషుల్లా పెడతాయి. డ్యూటీ అయిపోయింది, బస్సెక్కేశాయి," అనేది అమ్మ.

నల్ల పెట్ట వేరు. అది అమ్మ పుట్టింటిది. అమ్మ వాళ్ళది సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. అక్కడ ఆవిడ చిన్నతనం నుంచీ అదే జాతి కోళ్ళు: పొట్టి కాళ్ళు, నల్లటి ఒళ్ళు, మెడ దగ్గర మాత్రం ఎండలో పచ్చగా మెరిసే ఈకలు. ఒక వేసవిలో తిరిగొచ్చేటప్పుడు ఒక పెట్టనీ ఒక పుంజునీ మూత బుట్టలో పెట్టుకుని రైలెక్కింది. నాన్న ప్రయాణమంతా ఆ బుట్టకీ తనకీ సంబంధం లేనట్టు పై బెర్తులో పేపరు అడ్డం పెట్టుకుని పడుకున్నారు. నాగ్‌పూర్ దాటాక పుంజు కూసింది. బోగీ అంతా అటూ ఇటూ చూస్తుంటే నాన్న కూడా లేచి, అందరితోపాటు అటూ ఇటూ చూశారు.

ఆ పుంజు ఎర్రగా, నిప్పులా ఉండేది. అలాంటి రంగు పుంజుని మావైపు డేగ అంటారు. దాని కూత పొడుగు. చివర్న ఒక తీగ సాగదీసి, దాన్ని ఎక్కడ తెంపాలో తెలియక కాసేపు పట్టుకున్నట్టు ఉండేది. అమ్మ ఆ కూత వింటూ పళ్ళు తోముకునేది.

మా పై వాటాలో ఉండే ఆంటీకి మాత్రం అదే శత్రువైంది. ఆవిడ పంజాబీ. మనిషి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. అంకుల్‌ది రాత్రి డ్యూటీ. తెల్లవారాక వచ్చి పడుకునే వేళకి మా డేగ గోడెక్కేది. ఆంటీ బాల్కనీలోంచి వంగి అరిచేది: "భాభీజీ! ఇస్కో చుప్ కరావో, నహీ తో మై ఇస్కా కోర్మా బనా దూంగీ!" అమ్మ హిందీ అంతంత మాత్రం. కోర్మా అన్న ముక్క మాత్రం బాగా అర్థమైంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

చివరికి నాన్న తలొంచారు. ఆయనకి గొడవలంటే భయం. ఆఫీసులో ఒకాయనకి గురుగ్రామ్ అవతల పొలం ఉందంటే, దసరాకి వారం ముందు డేగని ఆయన కారులో పంపించేశారు. ఆ తర్వాత పుంజు ఎలా ఉందని ఆయన్ని మేము అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆదివారం ఒకసారి అడుగుదామని నాన్న ఫోను చేతిలోకి తీసుకుని, మళ్ళీ పక్కన పెట్టేశారు.

అది వెళ్ళిన వారంలోనే ఊరి నుంచి మావయ్య ఫోన్ చేశాడు. కొక్కెర తెగులు వచ్చిందట. ఊళ్ళో కోళ్ళన్నీ మెడలు వాల్చేశాయట. అమ్మమ్మ కాలం నుంచి ఆ పెరట్లో ఉన్న నల్లకోళ్ళు ఒక్కటి కూడా మిగల్లేదట. అమ్మ ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్ళి, నల్లపెట్ట ముందు చాలాసేపు కూర్చుంది. అప్పటికి నాకూ అర్థమైంది. ఇక ఆ జాతిలో మిగిలింది ఇదొక్కటే. దీనికి వయసైపోయింది. పుంజు లేదు.

"పుంజు పోయినా పెట్ట కడుపులో కొన్నాళ్ళు ఉంటదే దాని ప్రాణం," అంది అమ్మ. "ఈ పది రోజుల్లో పెట్టిన గుడ్లకి పిల్లలు రావాలి."

నాకు నమ్మకం కలగక ఫోనులో వెతికి చదివాను. అమ్మ చెప్పిందే నిజం. అమ్మకి ఆ సంగతి చెబితే "అచ్ఛా, ఫోను కూడా ఒప్పుకుందా?" అంది.

నల్లపెట్ట గుడ్లు చిన్నవి, మీగడ రంగువి. అమ్మ వాటిని బియ్యం డబ్బాలో దాస్తూ వచ్చింది. దసరా దాటాక ఒక మధ్యాహ్నం నల్లపెట్ట గూట్లోంచి లేవలేదు. చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి కుర్రుకుర్రుమంది. పొదుగుకొచ్చింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. పెరట్లో మెట్ల కింద ఉన్న చిన్న సామాను గదిలో గంప పెట్టి, అడుగున ఊక పోసి, పైన గడ్డి సర్దింది. గుడ్లు లెక్కపెట్టింది. ఎనిమిది.

"సరి సంఖ్య పనికిరాదు. ఇంకోటి ఇటియ్యవే."

"ఇంకోటి లేదమ్మా."

"గోధుమ పెట్టది ఉంది కదా, పొద్దున పెట్టింది."

"అది వేరే జాతి. నీకు కావలసింది నల్లది కదా?"

"అది పిల్లకి కాదే, లెక్కకి. ఎనిమిది పెట్టి ఎవరైనా పొదగేస్తారా?"

అలా ఫ్రిజ్ మీద పెట్టిన గోధుమరంగు గుడ్డు తొమ్మిదోదై గంపలోకి వెళ్ళింది. ఆ పైన అమ్మ ఒక ఎండు మిరపకాయ, ఒక బొగ్గుముక్క, ఒక ఇనుప మేకు గడ్డిలో గుచ్చింది. ఉరుము ఉరిమితే గుడ్లు మురిగిపోతాయట. ఇనుముంటే ఉరుము అందులోకి దిగి ఊరుకుంటుందట.  నేను డైరీలో 'అక్టోబరులో ఢిల్లీలో ఉరుములెక్కడివి?' అని రాసుకున్నాను. దీపావళి గురించి అప్పుడు ఇద్దరికీ గుర్తు రాలేదు.

వారం గడిచాక గుడ్లు చూశాం. అమ్మ పిడికిలి గొట్టంలా చేసి, దాని కొసన గుడ్డు ఆనించి, ఎండకెదురుగా ఒక కన్ను మూసి చూసేది. నేను బాత్రూంలో లైటు ఆర్పి ఫోను టార్చి మీద పెట్టి చూసేదాన్ని. ఇద్దరి తీర్పూ కలిసేది. గుడ్డు లోపల ఎర్రటి సన్నని నరాలు, వాటి మధ్య నల్లటి చుక్క. ఒకదాంట్లో ఆ చుక్క కదిలింది. నేను గుడ్డుని రెండు చేతులతో పట్టుకుని, బాత్రూంలోంచి బయటికి రావడానికే భయపడ్డాను. రెండు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఒకటి తీసేటప్పుడు అమ్మ దిగులుపడింది. రెండోదీ తీశాక "హమ్మయ్య, మళ్ళీ బేసి," అంది. గోధుమగుడ్డు పెంకు మందం. లోపలేముందో తెలియలేదు. "దాన్ని వదిలెయ్యి. లెక్కకున్నదే కదా," అంది.

దీపావళికి ఇంకా రోజులుండగానే వెనక సందులో పిల్లలు మొదలుపెట్టారు. పేరుకి పటాకులు నిషేధం. ఆ మాట పురికొస చుట్టిన సుత్లీ బాంబులకి ఎవరూ చెప్పినట్టు లేదు. మొదటి బాంబు సరిగ్గా మా గోడ అవతల పేలింది. సామాను గది రేకు తలుపు గడగడలాడింది. లోపలికి పరిగెత్తేసరికి నల్లపెట్ట గంప దిగి మూలన నిలబడి ఉంది. గుడ్లు ఒంటరిగా, తెల్లగా కనిపిస్తున్నాయి. నేను వాటిని చున్నీతో కప్పాను. అది మళ్ళీ ఎక్కేదాకా అమ్మ గుమ్మంలోనే కూర్చుంది.

"ఇంట్లోకి తెచ్చేద్దామమ్మా, గంపతో సహా."

"పొదుగు మీదున్నదాన్ని కదిపితే లేచిపోద్ది. ఇంక ఎక్కదు."

"మరెలా?"

అమ్మ పైకి చూసింది. పై వాటా వైపు. వెనక సందు పిల్లలు భయపడే మనిషి కాలనీలో ఒక్కతే. "నువ్వెళ్ళి చెప్పు," అంది.

"నేనా? నాన్నని పంపు."

నాన్న వెంటనే కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. "నేను వెళ్ళి, ఒక సెక్షన్ ఆఫీసర్‌ని, కోడి పొదుగుతోందని ఏమని చెబుతాను?"

ఆ మెట్లు నేను అంతకుముందు ఎక్కింది, తప్పుగా మా ఇంటికొచ్చిన కొరియర్ ఇవ్వడానికి ఒకసారి. అప్పుడు కూడా గుమ్మంలో పెట్టి బెల్లు కొట్టి దిగి వచ్చేశాను. ఈసారి బెల్లు కొట్టి నిలబడ్డాను. ఆంటీ తలుపు తీసింది. మోచేతుల దాకా పిండి.

"క్యా హువా బేటా?"

దారిలో తయారు చేసుకున్న వాక్యాలన్నీ పోయాయి. "ఆంటీ... హమారీ ముర్గీ అండోం పే బైఠీ హై," అన్నాను.

"తో?"

"పటాకే... వో డర్ జాతీ హై."

పుంజు వెళ్ళిపోయాక గుడ్లేమిటని ఆంటీ కనుబొమలు ముడిచింది. "ముర్గా తో చలా గయా థా. ఫిర్ అండే?"

"ఉసీ కే హై, ఆంటీ," అన్నాను, ఆ పుంజువేనని. ఆ తర్వాత ఏమైందో నాకే తెలియదు, ఆగలేకపోయాను. ఊరి తెగులు గురించి, ఒక్కటే మిగలడం గురించి, గురుగ్రామ్ అవతలి పొలం నుంచి కబురు లేకపోవడం గురించి, నా జీవితంలో ఎప్పుడూ మాట్లాడనంత హిందీ ఒక్క గుక్కలో మాట్లాడేశాను.

ఆంటీ పిండిచేత్తోనే నుదురు కొట్టుకుంది. నుదుటి మీద తెల్లటి వేళ్ళు పడ్డాయి. "హాయ్ రబ్బా. బాప్ కో తో మైనే హీ భగాయా." తండ్రిని తరిమింది తనేనట. చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుని, నాకంటే ముందు మెట్లు దిగింది.

అమ్మ ఆవిడని చూసి లేచి నిలబడింది. ఆంటీ సామాను గదిలోకి తొంగిచూసి, గంప పక్కన గొంతుక్కూర్చుంది. నల్లపెట్ట ఒళ్ళు ఉబ్బించింది. ఆంటీ చూపు గడ్డిలో మెరిసే మేకు మీద పడింది.

"యే లోహా కిస్ లియే?"

అమ్మ తన హిందీలో చెప్పింది: "బాదల్... ఢమ్ ఢమ్... అండా ఖరాబ్. లోహా రఖే తో అచ్ఛా."

ఆంటీ నోరు తెరిచి అమ్మనే చూసింది. వాళ్ళలో ప్రసవమైన గదిలో తలగడ కింద ఇనుప కత్తి పెడతారట. తన కోడలికి తనే పెట్టిందట. "మై తో సోచీ హమ్ హీ కర్తే హై!" అంటూ, అది తమ వాళ్ళ ఆచారమే అనుకున్నందుకు నవ్వి, వెంటనే ఆ మేకుని రెండు వేళ్ళతో పైకి తీసి చూసి పెదవి విరిచింది. "భాభీజీ, దిల్లీ కే బంబ్, ఔర్ ఇత్నీ సీ కీల్?" ఢిల్లీ బాంబులకి ఇంత చిన్న మేకా అని.

పైకెళ్ళి, వాడకం మానేసిన పెద్ద ఇనుప తవా ఒకటి పట్టుకొచ్చింది. పెళ్ళిళ్ళలో రొట్టెలు కాల్చేంత పెద్దది. మోస్తూ రొప్పింది. దాన్ని గంపకి, గోడకి మధ్య నిలబెట్టి, దాని మీద అమ్మ చేత తడి గోనెపట్టా కప్పించింది. ఉరుము సంగతి నాకు తెలియదు. గోడ అవతలి నుంచి వచ్చే అదురు మాత్రం ఆ తర్వాత తగ్గింది.

దీపావళి సాయంత్రం ఆంటీ వెనక సందు మొదట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. పట్టుబట్టలు, బంగారు గాజులు, చేతిలో లడ్డూల డబ్బా. పటాకులతో వచ్చిన ప్రతి గుంపునీ ఆపి, ఒక లడ్డూ చేతిలో పెట్టి, "ఆగే జాకే ఫోడో! యహా జచ్చా హై!" అని తరిమింది. జచ్చా అంటే బాలింతరాలు. సందులో ఆ మాట పాకింది. కాసేపటికి ముందు గేటు దగ్గర ప్రమిదలు పెడుతున్న నాన్న దగ్గరికి ఎదురు బ్లాకు పెద్దమనిషి వచ్చి, చెయ్యి పట్టుకుని ఊపుతూ "ముబారక్ హో సాబ్! ఇస్ ఉమ్ర్ మే!" అని, ఈ వయసులో బిడ్డ పుట్టినందుకు అభినందించారు. నాన్న ముఖం నేను ఎప్పటికీ మరిచిపోను. అమ్మ మాత్రం సామాను గదిలో చీకట్లో గంప పక్కన కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వింది. నల్లపెట్ట విసుక్కుంది గానీ లేవలేదు.

కొద్ది రోజుల తర్వాత, సూర్యుడు కనిపించనంత పొగ ఉన్న ఒక ఉదయాన, అమ్మ గుడ్లు ఒక్కొక్కటే చెవికి ఆనించుకుంటోంది. మొదటి శబ్దం వచ్చింది గోధుమగుడ్డులోంచి. అమ్మ దాన్ని నా చెవికి పెట్టింది. లోపల ఎవరో గోటితో గీకుతున్నట్టుంది. మధ్యాహ్నానికి పెంకు పగిలి, తడిసిన పత్తిలాంటి పసుపు ముద్ద ఒకటి ఆంటీ అరచేతిలోకి దొర్లింది. ఆవిడ "హాయ్ మేరా పుత్తర్!" అంటూ దాన్ని శాలువాలో దాచేసింది. మర్నాటికి రెండు నల్లవి వచ్చాయి. మిగతావి లోపలే ఆగిపోయాయి. ఒకటి పెంకుకి చిల్లు పెట్టి, అక్కడితో అలిసిపోయింది. అమ్మ వాటిని మునగచెట్టు మొదట్లో పాతిపెట్టింది. ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు.

ఆ చలికాలం పిల్లలు తల్లితో సహా వంటింట్లో, బల్బు వేసిన అట్టపెట్టెలో పెరిగాయి. నేను పక్కనే రజాయి కప్పుకుని చదువుకునేదాన్ని. పేజీ తిప్పినప్పుడల్లా మూడు తలలు నల్లపెట్ట ఈకల్లోంచి బయటికొచ్చి, చూసి, లోపలికెళ్ళేవి. అమ్మ రోజూ నల్లవాటి తలల మీద వేలితో తడిమేది, జుట్టు మొలుస్తోందేమోనని. ఆవిడకి కావలసింది నల్ల పుంజు. చివరికి చూస్తే, రెండూ పెట్టలే. జుట్టు మొలిచింది పసుపుదానికి. ఎర్రగా, నిటారుగా, తండ్రి జుట్టులాగే మొలిచింది. ఒంటి రంగు మాత్రం తల్లి గోధుమ పెట్టది.

"చూశావా," అంది అమ్మ, పసుపుదాన్ని ఎత్తి పట్టుకుని. "లెక్క కోసం పెట్టింది లెక్కలోకొచ్చింది." గొంతులో దిగులుందో లేదో తెలుసుకుందామని ఆవిడ ముఖం చూశాను. చాలాసేపు దాని కాళ్ళు పరీక్షించింది. "కాళ్ళు పొట్టివేలే. మా పెరటివే," అని కింద పెట్టింది.

హోలీకి ముందు అది కూసింది. కూత కాదు, తలుపు బందు కిర్రుమన్నట్టుంది. ఇంట్లో ముగ్గురం కదలకుండా సీలింగు వైపు చూశాం. నాన్న చేతిలో టీ కప్పు గాలిలో ఆగిపోయింది.

పైనుంచి బాల్కనీ తలుపు చప్పుడైంది. "భాభీజీ! యే కౌన్ సా వాలా బోలా?"

అమ్మ నన్ను ముందుకి తోసింది. నేను పెరట్లోకి వెళ్ళి, తలెత్తి, "ఆంటీ, వో భూరే అండే వాలా," అన్నాను, గోధుమగుడ్డులోంచి వచ్చిందని.

"అచ్ఛా! మేరే హాథ్ వాలా?" తన అరచేతిలో పుట్టినదేనా అని ఆంటీ వంగి చూసింది. "ఠీక్ హై. పర్ ఏక్ బాత్ హై. అంకుల్ జీ సుబహ్ ఆకే సోతే హై... తుమ్ లోగ్ దేఖ్ లో కుఛ్." అంకుల్ నిద్ర చెడకుండా మమ్మల్నే ఏదో ఒకటి చూడమంది.

చూశాం. పుంజు కూయాలంటే మెడ పైకి సాచాలి. అమ్మకి అది తెలుసు. ఇటుకలతో, గాలి ఆడేలా సందులు వదిలి, పుంజు నిలబడితే తల తగిలేంత ఎత్తులో ఒక చిన్న గూడు కట్టింది. పైకప్పుగా ఆంటీ తవా పెట్టింది. సాయంత్రం పుంజుని అందులో పెట్టి తవా మూయడం నా పని. అంకుల్ డ్యూటీ నుంచి వచ్చి, నిద్రపోయి, లేచే వేళకి తవా తీస్తాం. అంటే ఢిల్లీలో తెల్లవారడం మా పుంజుకి పదిన్నరకి. సెలవు రోజుల్లో మాత్రం అంకుల్ పొద్దున్నే మేలుకుని ఉంటారు కాబట్టి ముందే తీసేస్తాం.

నల్ల పెట్టలు రెండూ ఇప్పుడు గుడ్లు పెడుతున్నాయి. చిన్నవి, మీగడ రంగువి. అమ్మ మళ్ళీ బియ్యం డబ్బాలో దాస్తోంది. నల్లపెట్ట, అంటే ముసలిది, కూలర్ కింద చోటు కోసం కూతుళ్ళని పొడుస్తుంది. వచ్చే పిల్లలు ఏ రంగులో ఉంటాయో అమ్మ అడగదు. కాళ్ళు పొట్టిగా ఉంటే చాలంటుంది.

మొన్న ఆదివారం వాన పడుతోంటే లేవడం ఆలస్యమైంది. తవా తియ్యడం మరిచిపోయాం. నేను టీ తాగుతుండగా పైనుంచి ఆ పెద్ద గొంతు వినిపించింది.

"అరే బేటా! క్యా హువా, ఆజ్ బోలా నహీ? తవా తో ఉఠావో!"

ఇవాళ పుంజు కూయలేదేమని అడుగుతోంది ఆవిడే. వానలో తడుస్తూ వెళ్ళి తవా ఎత్తాను. పుంజు బయటికొచ్చి, ఈకలు దులుపుకుని, గోడెక్కి మెడ సాచింది. కూత ఇప్పుడు బాగానే వస్తోంది. చివర్న తండ్రిలా సాగదు, మధ్యలో ఎక్కడో విరిగి, ఇంకో మెలిక తిరిగి ముగుస్తుంది. వంటింటి కిటికీలో అమ్మ పళ్ళు తోముకుంటూ విని, "ఊఁ," అంది.